నలభై ఒకటి నుంచి యాభై

టెలిఫోన్ ఎక్స్ఛేంజి,
రెండో అంతస్తు, సూపర్వైజరు గది.
జూన్ 3

శ్రీ కేబుల్ జాయింటరు గారికి,

విషయం: వీధి లైన్ల పుస్తకంలో మీరు రాసిన పేర్ల గురించి.

మీరు ఇక్కణ్ణుంచి బదిలీ అయి ఏడు నెలలయింది. ఈ ఉత్తరం ఆఫీసు పనిమీద రాస్తున్నాను, బంధుత్వం మీద కాదు. మీ అక్క క్షేమం, నేను క్షేమం. ఆ సంగతి ఇక్కడితో సరి.

సెప్టెంబరు ఇరవై ఒకటిన మన పాత కనెక్షన్లన్నీ కొత్త పద్ధతిలోకి మారతాయి. ఇప్పుడు ప్రతి ఇంటి నుంచీ ఒక జత రాగితీగలు వీధి చివరి ఇనప పెట్టెలోకి వస్తాయి. అక్కణ్ణుంచి భూమిలో కేబులుగా మన ఎక్స్ఛేంజిలోని ఫ్రేము మీదికి చేరి, అక్కడ తమ ఫోన్ నంబరుకి తగులుకుంటాయి. మీకు తెలిసిందే, ఫైలు కాపీ కోసం రాస్తున్నాను. ఇకమీదట ఫైబర్ అనే గాజుతీగ ఒకటి నేరుగా వీధి పెట్టెలోకే వస్తుంది. పెట్టెలో కంప్యూటరు డబ్బా పెడతారు. ఇళ్ళ తీగలన్నీ మన పుస్తకంలోని వరసలో ఆ డబ్బాకి తగిలించాలి. మూడొందల పన్నెండు ఇళ్ళు, ఒక్క పూట. పెద్ద ఇంజనీరుగారు స్వయంగా వచ్చి నిలబడతారు. ఐదు లైన్ల కన్నా ఎక్కువ తప్పుపోతే నన్ను ఈ కుర్చీలోంచి లేపి, ఎక్స్ఛేంజిని కాంట్రాక్టరుకి అప్పగిస్తామని కాగితం మీద తెలియజేశారు.

సరేనని పుస్తకం తెరిచాను. అందులో మనుషుల పేర్లు లేవు, ఇంటి నంబర్లు లేవు. పదిహేడో జతకి ఎదురుగా "మూడు తాళాలాయన" అని ఉంది. ఇరవై మూడు "ఏడిచే తలుపు". ముప్పై ఆరు "బోర్డుంది, కుక్క లేదు". పద్దెనిమిదేళ్ళు ఈ ఊరి కేబుళ్ళు అతుకుతూ ఆ పుస్తకం మీ చేతిలోనే ఉంచుకున్నారు. ఇది ప్రభుత్వ రికార్డా, మీ సొంత తిట్ల నిఘంటువా?

ఫోన్ మాత్రం చెయ్యవద్దు. మీకు పదకొండు గొంతులున్నాయి. అందులో ఒకటి పెద్ద ఇంజనీరుగారిది. ఆ గొంతుతోనే మీరు కిందటేడు నాలుగో వీధి మొత్తానికీ ఫోన్లు చేసి, లైన్లలో చెమ్మ చేరిందనీ, రిసీవర్లని మధ్యాహ్నం దాకా ఎండలో ఆరబెట్టమనీ ఆజ్ఞాపించారు. బట్టలతాళ్ళ మీద క్లిప్పులతో వేలాడుతున్న రిసీవర్లని నేను కళ్ళారా చూశాను. ఒకావిడ గంటకోసారి తిరగేసింది కూడా. మీ బదిలీకి దారితీసిన ఫిర్యాదు కింద సంతకం నాదే. అందుకు నాకేమీ విచారం లేదు.

కాబట్టి ఉత్తరమే రాయండి. గొంతులు పదకొండయినా మీకు చేతిరాత ఒకటే.

ఇట్లు,
సూపర్వైజరు


కేబుల్ గది,
సముద్రం ఒడ్డు, మనిషన్నవాడు కనపడని చోటు.
జూన్ 10

బావా,

బంధుత్వం మీద కాదంటూనే మా అక్క క్షేమం రాశావు. ఆఫీసు కాగితం మీద పెళ్ళాం సంగతి రాసిన మొదటి సూపర్వైజరువి నువ్వే. ఫైలు కాపీలో కూడా ఉందా, కొట్టేశావా?

ఇక్కడ నా ఉద్యోగం ఏమిటో చెప్తాను విను. సముద్రం అడుగునుంచి మణికట్టంత లావు కేబులొకటి ఒడ్డెక్కి, నా గది నేలకింద నుంచి, సరిగ్గా నా మంచం కింద నుంచి పోతుంది. లోపల వెంట్రుకల్లాంటి గాజుతీగలు. ఖండాల అవతలి వాళ్ళ కబుర్లు, ప్రేమలు, పోట్లాటలు, అప్పు ఇవ్వనన్న సాకులు, అన్నీ నా వెన్ను కిందే. ఒక్కళ్ళూ ఆగి "ఏం బాబూ, తిన్నావా" అనరు. గోడకి ఒక మీటరుంది. దాని ముల్లు ఎక్కడుందో రోజుకి నాలుగుసార్లు చూసి రాయాలి. నేను వచ్చిన రోజు ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంది. మొన్న విసుగొచ్చి దానికి దణ్ణం పెట్టాను. అయినా కదల్లేదు. నీ చుట్టమనుకుంటా.

ఇక పుస్తకం. పేర్లెందుకు రాయలేదంటావా? ఇళ్ళల్లో మనుషులు మారతారు, ఇంటి నంబర్లు మునిసిపాలిటీ వాడు తోచినప్పుడల్లా మారుస్తాడు. ఏడిచే తలుపు మాత్రం ఎవరొచ్చినా ఏడుస్తూనే ఉంటుంది. నా పేర్లకి పద్దెనిమిదేళ్ళలో ఒక్క మార్పు రాలేదు. నీ ఫైళ్ళల్లో ఒక్కటి చూపించు అలాంటిది.

మూడు తాళాలాయన రెండో వీధి మలుపులో ఉంటాడు, రిటైరయిన లెక్కల మేష్టారు. ఏడిచే తలుపు దర్జీ ఇల్లు. బోర్డుంది కుక్క లేదు అంటే మూడో వీధి పెంకుటింటివాళ్ళు. "తడిచేతులావిడ" అదే వీధిలో పురుళ్ళు పోసే నర్సమ్మ. "కొలత కళ్ళాయన" ఆ వీధి చివర శవపేటికలు చేసే వడ్రంగి. మిగతావి నీకు కుర్చీలో కూర్చుంటే అర్థం కావు. ఒక్కో వీధీ నడువు. పెరటి గుమ్మం దగ్గర నిలబడు. తలుపు చప్పుడు విను. ఎలాగూ కుర్చీలోంచి లేపుతామన్నారుగా, అదేదో ముందు నువ్వే లే.

ఒక్క మాట. నలభై ఒకటి నుంచి యాభై దాకా పుస్తకంలో ఎలా ఉందో అలాగే తగిలించెయ్. బుర్ర పెట్టకు.

అన్నట్టు, ఇంత సాయం చేస్తున్నందుకు నన్ను వెనక్కి రప్పించే కాగితం మీద ఒక సంతకం పెట్టకూడదూ? ఫిర్యాదు మీదయితే చకచకా పెట్టావుగా.

నీ బావమరిది


టెలిఫోన్ ఎక్స్ఛేంజి.
జూన్ 29

జాయింటరు గారికి,

మీరు చెప్పినట్టు నడిచాను. పన్నెండు రోజులు, ఏడు వీధులు, ఒక జత చెప్పులు.

లెక్కల మేష్టారు మొదటి తాళం తీసి "ఎవరు?" అన్నారు. టెలిఫోను సూపర్వైజర్నన్నాను. రెండో తాళం తీసి కార్డు చూపించమన్నారు. చూపించాను. "ఈ కార్డులో మనిషి నవ్వుతున్నాడు. నువ్వు నవ్వట్లేదు. నువ్వే ఇతనని ఏమిటి రుజువు?" అన్నారు. మూడో తాళం తీయడానికి నేను నవ్వవలసి వచ్చింది.

దర్జీ ఇంట్లో, తలుపుకి కాస్త నూనె వేయించుకోకూడదా అని మర్యాదకి అన్నాను. ఆవిడ నా మీద విరుచుకుపడింది. "నూనె వేస్తే ఆయన ఎన్నింటికి ఇల్లు చేరాడో నాకెలా తెలుస్తుందండీ?"

వడ్రంగి నన్ను గుమ్మంలోనే ఆపి, తలనుంచి కాళ్ళదాకా చూసి "ఐదడుగుల ఆరు" అన్నాడు. కాదు, ఏడు అన్నాను. "పడుకున్నప్పుడు చూద్దాం లెండి" అన్నాడు.

ఇలా మూడొందల పదకొండు దొరికాయి. ఒక్కటి దొరకలేదు. రెండొందల పన్నెండో జత, "ఇస్త్రీ చొక్కా". ఆ వీధిలో నలుగురిని అడిగాను. నలుగురూ నేలచూపులు చూశారు. చివరికి చాకలి షాపతను ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "ఎందుకు సార్ ఎండలో తిరుగుతారు, ఇంటికెళ్ళండి" అన్నాడు. వెళ్ళాను. ఆ జత మా గోడలోకే వచ్చింది.

దీనిమీద నేను వ్యాఖ్యానించను.

ఇంకొకటి. కొత్త డబ్బాల గురించి నాలుగు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. హబ్ అన్నారు, స్విచ్ అన్నారు, రౌటర్ అన్నారు. బోర్డు మీద చతురస్రాలు గీసి గీతలతో కలిపారు. నేను అన్నిటికీ తల ఊపాను. నాకేమీ అర్థం కాలేదు. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. మీకు తెలిస్తే చెప్పండి. ఈ పేరా ఫైలు కాపీలో ఉండదు.

సూపర్వైజరు

(ఒరేయ్, నేను అక్కని. ఈ ఖాళీలో రాస్తున్నా. ఆయన చాకలి షాపు నించి వచ్చి అద్దం ముందు పది నిమిషాలు నిలబడ్డారు. తర్వాత చొక్కా విప్పి నలిపి మళ్ళీ తొడుక్కున్నారు. పన్నెండేళ్ళలో ఇంత నవ్వలేదురా. నీ అన్నం ఎవరు వండుతున్నారు?)


కేబుల్ గది.
జూలై 8

బావా,

అక్కకి చెప్పు, అన్నం నేనే వండుతున్నాను, తినడం మాత్రం కాకులు తింటున్నాయి.

నలిపిన చొక్కాతో ఫోటో తీయించి పంపు. ఇక్కడ గోడకి ముల్లు తప్ప చూడ్డానికేమీ లేదు.

నీ చతురస్రాల సంగతి. నేను ఎనిమిదో తరగతి తప్పినవాణ్ణి, నాకర్థమైన తీరులో చెప్తాను. హబ్ అంటే మా చిన్నత్త. ఒక్కళ్ళకి చెప్పమని ఏదైనా చెవిలో వేస్తే, వీధి వీధంతా ఒకే గొంతుతో చెప్తుంది. ఎవరికి కావాలో వాళ్ళు తీసుకుంటారు, మిగతావాళ్ళు ఊరికే వింటారు. అందుకే ఇప్పుడు హబ్బులు ఎవరూ పెట్టట్లేదు. స్విచ్ అంటే మా అక్క. ఏ తలుపు వెనక ఎవరున్నారో ఒక్కసారి చూస్తే మర్చిపోదు. ఎవరి మాట వాళ్ళ గుమ్మంలోనే ఇచ్చి వస్తుంది, పక్కింటికి ఊపిరి కూడా తెలియదు. రౌటరంటే రైల్వే స్టేషన్లో విచారణ గుమస్తా. వాడికి ఏ ఇల్లూ తెలియదు. "ఆ ఊరా? మూడో ప్లాట్ఫారం" అంటాడు, అంతే. అక్కడి గుమస్తా ఇంకో ప్లాట్ఫారం చూపిస్తాడు. అలా తోసుకుంటూ తోసుకుంటూ పోతుంది మాట.

ఇప్పుడు వరస చూడు. దర్జీ కూతురు ఇంట్లో ఏదో మీట నొక్కుతుంది. అది రాగితీగ మీద వీధి పెట్టెకి పోతుంది. అక్కడ మా అక్కలాంటి డబ్బా దాన్ని పట్టుకుని గాజుతీగలోకి నెడుతుంది. గాజుతీగ నీ ఎక్స్ఛేంజికి తెస్తుంది. నీ దగ్గర గుమస్తాగాడు "సముద్రం వైపు" అంటాడు. అది పరిగెత్తుకుంటూ వచ్చి నా మంచం కింద దూరి అవతలి ఖండంలో తేలుతుంది. ఇదంతా నువ్వు రెప్ప వేసేలోపు. అంటే మూడొందల పన్నెండు ఇళ్ళూ నా వీపుకే కట్టేసి ఉన్నాయన్నమాట. ఇక్కడ చీమ కుట్టినా అక్కడ నువ్వే ఉలిక్కిపడాలి.

ఇందులో తెలివైనవి డబ్బాలు. మనం చెయ్యాల్సింది ఒక్కటే, ఏ తీగ ఎవరిదో వాటికి నిజం చెప్పడం. అబద్ధం చెప్తే అంతే తెలివిగా అబద్ధాన్నే మోస్తాయి.

ట్రైనింగ్ ఫీజుకింద ఆ సంతకం.

బావమరిది


టెలిఫోన్ ఎక్స్ఛేంజి.
ఆగస్టు 13

బావమరిదికి,

నీ చిన్నత్త, అక్క, గుమస్తాల లెక్క నాకు బాగా ఎక్కింది. నిన్న మీటింగులో పెద్ద ఇంజనీరుగారు స్విచ్ అంటే ఏమిటని నన్నే అడిగారు. "ఏ తలుపు వెనక ఎవరున్నారో గుర్తుపెట్టుకునేది సార్" అన్నాను. మెచ్చుకున్నారు. మీ అక్క ప్రసక్తి తేలేదు.

పుస్తకమంతా పేర్లూ ఇంటి నంబర్లతో శుభ్రంగా తిరగరాశాను. ఇక్కడితో ఆగేవాణ్ణే. కాని నీ మొదటి ఉత్తరంలో ఒక వాక్యం నన్ను కుడుతూనే ఉంది. నలభై ఒకటి నుంచి యాభై దాకా బుర్ర పెట్టవద్దన్నావు. బుర్ర పెట్టవద్దని నువ్వన్న చోట బుర్ర పెట్టకపోతే నేనీ కుర్చీకి తగను.

కాబట్టి ఫ్రేము దగ్గరికి నిచ్చెన వేసుకుని, పుస్తకంలోని ప్రతి జతనీ ఫ్రేము మీది తీగతో పోల్చి చూశాను. నాలుగు రోజులు పట్టింది. మూడొందల రెండు సరిపోయాయి. ఆ పది సరిపోలేదు. నర్సమ్మ లైను పుస్తకంలో నలభై ఒకటి, ఫ్రేము మీద ఆవిడ ఫోన్ నంబరు తగిలింది యాభైకి. వడ్రంగి పుస్తకంలో యాభై, ఫ్రేము మీద నలభై ఒకటి. మధ్యలో ఎనిమిదీ అలాగే, తలకిందులు. పది ఇళ్ళూ ఈ పూట ఫోన్లు సరిగ్గానే మాట్లాడుతున్నాయి కాబట్టి ఫ్రేమే నిజం, పుస్తకం అబద్ధం.

నువ్వేం చేశావో నాకు తెలుసు. ఎవరైనా కొత్తగా వచ్చి పుస్తకం చూసి తగిలిస్తే వీధంతా గందరగోళం అవ్వాలని పది పేర్లు తారుమారు చేశావు. పురుడు వచ్చినవాళ్ళు ఫోన్ చేస్తే వడ్రంగి ఎత్తి "ఎంత పొడుగు?" అని అడగాలని నీ కోరిక. నీ తలకాయలోంచి వచ్చిన పథకమేనని పేరు లేకుండానే పోల్చుకోగలను.

ఎర్రసిరాతో పదీ దిద్దేశాను. ఫ్రేము ప్రకారం. ఈసారి నీ ఆట సాగలేదు. జవాబు అక్కర్లేదు.

నీ బావ


కేబుల్ గది.
ఆగస్టు 20

బావా,

ఆ పదీ మళ్ళీ పాత రాతలోకి మార్చెయ్. పుస్తకమే నిజం.

ఎందుకని అడక్కు. నా మాట విను, అంతే.

ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది.

బావమరిది


టెలిఫోన్ ఎక్స్ఛేంజి.
ఆగస్టు 28

బావమరిదికి,

ఐదు వాక్యాలు. ఒక్క తిట్టు లేదు, మీ అక్క ఊసు లేదు. నువ్వు రాసిన ఉత్తరమేనా అని చేతిరాత రెండుసార్లు చూశాను.

ఎందుకో చెప్పకుండా నీ మాట వినమంటున్నావు. ఎందుకో చెప్పకుండా నీ మాట విన్నవాళ్ళు నాలుగో వీధిలో ఉన్నారు. వాళ్ళ రిసీవర్లు ఇంకా ఎండ వాసన వేస్తున్నాయి.

ఫ్రేముని నేను కళ్ళతో చూశాను, చేత్తో ముట్టుకున్నాను. నీ మాటకి ఒక కారణం ఉంటే రాయి. లేకపోతే ఎర్రసిరాయే ఖాయం. ఇంకా ఇరవై నాలుగు రోజులుంది. నీ ఆటకి పది ఇళ్ళు, నా కుర్చీ పణంగా పెట్టకు. మీ అక్క కూడా ఇదే మాట రాయమంది.

బావ


కేబుల్ గది.
సెప్టెంబరు 3

బావగారికి నమస్కారం.

మీకు ఇలా "మీరు" అని రాయడం ఇదే మొదటిసారి.

అది ఆట కాదండీ. ఆటయితే నేనే ముందు చెప్పుకుని నవ్వేవాణ్ణి. అది తప్పు. పనిలో తప్పు. నా చేతిపని తప్పింది.

పదకొండేళ్ళ కిందట మూడో వీధి మొదట్లో గొయ్యి తవ్వి కేబుల్ అతుకు వేశాను, మీకు గుర్తుండదు. సన్నగా వాన. పైన మన కూలీలు నలుగురు గొడుగు పట్టుకుని నిలబడ్డారు. నేను గోతిలో కూర్చుని పెద్ద ఇంజనీరుగారి గొంతుతో వాళ్ళకి ఉపన్యాసం ఇస్తున్నాను. "గోయీ అంటే గోయీలా ఉండాలి, నీళ్ళు అంటే నీళ్ళలా ఉండాలి." వాళ్ళు నవ్వీ నవ్వీ గొడుగు వదిలేశారు. నేను ఇంకా రెచ్చిపోయాను. ఆ ఊపులో పది జతల కట్టని తిరగేసి పట్టుకున్నాను. మొదటిదానికి పదోది, రెండోదానికి తొమ్మిదోది, అలా అతికేసి, పైన తొడుగు వేసి, మూసి, మట్టి కప్పేశాను. చప్పట్లు కూడా కొట్టారు.

ఆ సాయంత్రం ఒకాయన భార్యకి నొప్పులు వచ్చి నర్సమ్మకి ఫోన్ చేశాడు. వడ్రంగి ఎత్తాడు. ఎవరో వేళాకోళం ఆడుతున్నారని తిట్టి పెట్టేశాడు. ఆయన మళ్ళీ చేశాడు, మళ్ళీ తిట్టాడు. చివరికి ఆయన నాలుగు వీధులు పరిగెత్తి నర్సమ్మని పిలుచుకొచ్చాడు. వీళ్ళు వచ్చేసరికి బిడ్డ వంటింటి నేలమీద ఉంది. ఇద్దరూ బతికారు. అది నా గొప్ప కాదు.

మర్నాడు అది విన్నాను. మళ్ళీ గొయ్యి తవ్వాలంటే మీ సంతకం కావాలి. తప్పు చేశానని చెప్పాలి. అల్లరివాడంటే పడతాను బావగారూ, పనిరానివాడంటే పడలేను. మీరంతా టీకి వెళ్ళినప్పుడు ఫ్రేము మీద ఆ పదీ నేనే తిరగేశాను. గోతిలో ఒకసారి తలకిందులైంది, ఫ్రేము మీద ఇంకోసారి తలకిందులు చేశాను, కలిపితే నిలువైంది. నలభై ఒకటో ఇల్లు నలభై ఒకటిగానే మోగింది. అందుకే పుస్తకంలో వరస మార్చలేదు. వీధి పెట్టెలో నర్సమ్మ తీగ ఇవాళ్టికీ నలభై ఒకటే.

కొత్త గాజుతీగకి ఆ గోతితోనూ పని లేదు, ఫ్రేముతోనూ పని లేదు. నేరుగా వీధి పెట్టెకే వస్తుంది. కాబట్టి పుస్తకం ప్రకారం పెడితే సరిపోతుంది. ఫ్రేము ప్రకారం పెడితే నర్సమ్మ పిలుపు మళ్ళీ వడ్రంగికి పోతుంది. ఈసారి మీ చేత్తో.

నమ్మకపోతే ఫ్రేము దగ్గర నలభై ఒకటో జత మీద శబ్దం పెట్టి, వీధి పెట్టెలో యాభై దగ్గర చెవి పెట్టి వినండి.

ఈ ఉత్తరం ఫైల్లో పెడితే నా ఉద్యోగం పోతుంది. పెట్టండి. కారణం రాయమన్నారు, రాశాను.

మీ
కేబుల్ జాయింటరు


టెలిఫోన్ ఎక్స్ఛేంజి.
సెప్టెంబరు 25

శ్రీ కేబుల్ జాయింటరు గారికి,

విషయం: తప్పు సవరణ నిమిత్తం మీరు వెంటనే హాజరు కావడం గురించి.

1. మీ ఉత్తరం ఎనిమిదో తారీకున అందింది. ఆ పూటే ఫ్రేము మీద నలభై ఒకటో జతకి శబ్దం పెట్టి, వీధి పెట్టె దగ్గరికి నడిచి వెళ్ళి విన్నాను. యాభై కూసింది. యాభై మీద పెట్టాను. నలభై ఒకటి కూసింది.

2. ఎర్రసిరా కొట్టేసి పాత రాతే మళ్ళీ రాశాను.

3. ఇరవై ఒకటిన మార్పిడి జరిగింది. మూడొందల పన్నెండుకి మూడొందల పది సరిగ్గా కలిశాయి. తప్పిన రెండూ కొత్త డబ్బాలో వదులు తీగలు, అక్కడికక్కడే బిగించాం. నర్సమ్మకి మొదటి ఫోన్ నేనే చేశాను. "ఎవరికి నొప్పులు?" అంది. ఎవరికీ కాదన్నాను. "అయితే ఎందుకు చేశావు?" అని పెట్టేసింది. అంత హాయైన తిట్టు నేను ఈ మధ్య వినలేదు.

4. పెద్ద ఇంజనీరుగారు పుస్తకం తిరగేసి ఆ పది దగ్గర ఆగారు. ఎర్రసిరాతో కొట్టివేతలేమిటని అడిగారు. "నేనే తొందరపడి తప్పు దిద్దాను సార్, మళ్ళీ సరిచేశాను" అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నిజం అంతా కూడా లేదు. ఈ రెండింటి మధ్య ఇంత చోటుందని నాకు యాభై రెండో ఏట తెలిసింది. కుర్చీ ఉంది. కాంట్రాక్టరు రాడు.

5. మీ ఉత్తరం ఫైల్లో పెట్టలేదు. చింపనూ లేదు. మీ అక్కకిచ్చాను. చదివి, "ఆ వాన పడ్డ మర్నాడు వాడు మనింటికొచ్చి ఒక్క మాట ఎగతాళి ఆడకుండా తినేసి పోయాడు. ఆ రోజే అనుకున్నాను ఏదో జరిగిందని" అంది. పదకొండేళ్ళు నాతో అనలేదు. నువ్వు చెప్పింది నిజం, ఆవిడ స్విచ్చే.

ఒరేయ్, ఇక మెమోలా రాయలేను.

నువ్వు వచ్చి ఆ గొయ్యి తవ్వి, ఆ పది జతలూ సరిగ్గా అతకాలి. నిన్ను వెనక్కి రప్పించే కాగితం మీద సంతకం పెట్టాను, దీనితో పంపుతున్నాను. అది చచ్చిన కేబులని నాకు తెలుసు. ఇక దానిలోంచి ఎవరి మాటా పోదు, చెదలు కూడా ముట్టవు. అయినా సరే అతకాలి. ఫ్రేము కూడా పీకి పారేసే లోపల ఆ పదీ నిలువుగా ఉండాలి. దీనికి కారణం అడక్కు, నా మాట విను.

కూలీలని పిలిస్తే సంగతి బయటపడుతుంది. అందుకని నిన్న ఆఫీసు మూశాక పార తీసుకుని నేనే తవ్వాను. తొడుగు విప్పాను. రంగులు చూశాను. ఒక అతుకు ఎంతసేపు, నేనే వేసి చూద్దామనుకున్నాను. సూపర్వైజర్ని కదా, ఇన్నేళ్ళూ వేసేవాళ్ళ వెనక నిలబడి చూసినవాణ్ణి. మోకాళ్ళ మీద కూర్చుని, ఇస్త్రీ పాడైపోయిన చొక్కాతో, గంటన్నర కష్టపడి మొదటి జత అతికాను. మీటరు పెట్టి చూశాను.

అది ఏడోదానికి అతుక్కుంది.

తిరిగి విప్పబోతే తెగింది. తెగింది ఏడోదో, మొదటిదో ఇప్పుడు నాకే తెలియడం లేదు. గొయ్యి మీద ఒక రేకు కప్పి, దాని మీద ఎక్స్ఛేంజి బోర్డొకటి పెట్టి వచ్చాను. వాన పడేలోపు రా. ఎవరికీ చెప్పకు. మీ అక్కకి అసలు చెప్పకు.

నీ బావ